మెదడు, అనుభవం: వాదనను మెట్టు మెట్టుగా చదవడం – 3వ పాఠం

పోయిన పాఠం చివర ఒక పని ఇచ్చాను. 1643 మే నెలలో, హేగ్ నగరంలో ప్రవాసంలో ఉన్న బొహీమియా రాకుమారి ఎలిజబెత్ తత్త్వవేత్త రెనే దేకార్త్‌కు రాసిన మొదటి ఉత్తరంలోని ప్రశ్న ఏ ఊహల మీద నిలబడిందో విడివిడి వాక్యాలుగా రాయమన్నాను. ముందు దాన్ని సరిచూసుకుందాం.

ఆమె అడిగిన దాని సారాంశం ఇది. ఏ వస్తువైనా కదలాలంటే దాన్ని ఏదో ఒకటి నెట్టాలి. నెట్టడానికి తాకడమైనా కావాలి, నెట్టేదాని ఉపరితలానికి ఒక ఆకారమైనా ఉండాలి. ఈ రెండింటికీ చోటు ఆక్రమించడం తప్పదు. ఆత్మ చోటు ఆక్రమించదని మీరే అంటున్నారు. మరి అది చేతిని ఎలా ఎత్తుతోంది?

మీ కాగితం మీద మూడు వాక్యాలు తేలికగానే వచ్చి ఉంటాయి: కదలికకు నెట్టడం కావాలి, నెట్టడానికి చోటు ఆక్రమించడం కావాలి, ఆత్మ చోటు ఆక్రమించదు. మొదటి వాక్యాన్ని మళ్లీ చదవండి. అందులో 'ప్రతి' అన్న మాట దాగి ఉంది: ప్రతి కదలికకూ నెట్టడం కావాలి. దేకార్త్ జవాబు సరిగ్గా ఆ సందులోంచే దూరింది. రాయిని కిందికి లాగే బరువు రాయిని ఎక్కడో తాకి నెడుతోందని మనం అనుకోము కదా, ఆత్మ శరీరాన్ని కదిలించడాన్ని అలా ఊహించుకోండని ఆయన రాశారు. ఎలిజబెత్ ఒప్పుకోలేదు. పదార్థం కానిది పదార్థాన్ని కదిలిస్తుందని నమ్మడం కంటే, ఆత్మకే కొంత విస్తీర్ణం ఉందనుకోవడం తనకు తేలికని జూన్ నెలలో తిరుగు ఉత్తరం రాశారు. అప్పటికి ఆమె వయసు 24. ఆ ఉత్తరాలను ఎన్నిసార్లు చదివినా నాకు ఆమె మీద గౌరవం పెరుగుతూనే ఉంటుంది. ప్రశ్నను అంత శుభ్రంగా అడిగినవాళ్లు తత్త్వశాస్త్రంలో తక్కువ.

వాదనను వాక్యాలుగా విడగొట్టడం, చెప్పకుండా వదిలేసిన వాక్యాన్ని బయటికి లాగడం, ఈ రెండూ ఇప్పటికి మీ చేతికి వచ్చాయి. ఇవాళ మూడో పని. ఎవరైనా మెదడు గురించి ఒక ఆధారం చూపించి, అనుభవం గురించి ఒక తీర్పు చెప్పినప్పుడు, ఆధారం ఎక్కడిదాకా వెళ్లింది, తీర్పు ఎక్కడిదాకా దూకింది అన్నది కొలవడం.

నాలుగు మెట్లు

మొదటి మెట్టు: ఇది జరిగినప్పుడు అదీ జరుగుతోంది. రెండో మెట్టు: ఇది జరగడం వల్లే అది జరుగుతోంది. మూడో మెట్టు: ఇది, అది అని రెండు లేవు, ఉన్నది ఒకటే. నాలుగో మెట్టు: ఇది ఇలా ఉంది కాబట్టి అది అలా ఉండక తప్పదు, ఎందుకో మనకు అర్థమైంది.

నీటి విషయంలో మనం నాలుగు మెట్లూ ఎక్కేశాం. రెండు హైడ్రోజన్ పరమాణువులు, ఒక ఆక్సిజన్ పరమాణువు కలిసిన అణువుల సమూహమే నీరు అని తెలిసింది. ఆ అణువులు ఒకదాన్నొకటి ఎంత బలంగా ఆకర్షించుకుంటాయో తెలిశాక, నీరు ఎందుకు మరుగుతుందో, ఎందుకు గడ్డకడుతుందో కూడా తెలిసింది. ఆ తర్వాత కూడా 'అణువులు సరే, కానీ నీరు ఎందుకు మరగాలి?' అని ఎవరైనా అడిగితే, వాళ్లకు పాఠం ఇంకా ఎక్కలేదనే అర్థం.

నొప్పి విషయంలో అలా జరగడం లేదని అమెరికన్ తత్త్వవేత్త జోసెఫ్ లెవిన్ 1983లో ఎత్తిచూపారు. ఫలానా నాడీ తంతువులు ఉత్తేజితం కావడమే నొప్పి అని ఒప్పేసుకుందాం, అంటే మూడో మెట్టు ఎక్కేసినట్టే. అయినా ఆ ఉత్తేజం ఎందుకు నొప్పిగానే ఉండాలి, చక్కిలిగింతగా ఎందుకు ఉండకూడదు, అసలు ఏ అనుభవమూ లేకుండా గడిచిపోతే ఏం, అన్న ప్రశ్న చెక్కుచెదరదు. ఇది అడిగినవారికి పాఠం ఎక్కలేదని అనలేం. లెవిన్ ఈ లోటును ప్రకృతిలోనే ఉన్న చీలిక అనలేదని గమనించండి. మన వివరణలో ఉన్న అగాధం అన్నారంతే.

కాగితం మీద చేసి చూడండి

మెట్లను కంఠస్థం చేస్తే లాభం లేదు, ఒక పని మీద పెట్టి చూడాలి. తెల్ల కాగితం తీసుకోండి. ఎడమవైపు ఒక కూడిక గుర్తు వేయండి. దానికి కుడివైపు, అదే ఎత్తులో, 8 సెంటీమీటర్ల దూరంలో మిరియపు గింజంత నల్ల చుక్క పెట్టండి. ఎడమ కన్ను మూసి, కుడి కన్నుతో కూడిక గుర్తునే చూడండి. చూపు చుక్క మీదికి పోనివ్వకండి, మొదట్లో పోతూనే ఉంటుంది. కాగితాన్ని చేయి చాచినంత దూరంలో పట్టుకుని మెల్లగా దగ్గరికి తెండి. సుమారు 30 సెంటీమీటర్ల దగ్గర చుక్క మాయమవుతుంది. ఇంకా దగ్గరికి తెస్తే మళ్లీ కనిపిస్తుంది.

మాయమైన చోట కాగితాన్ని అలాగే పట్టుకుని ఆగండి. చుక్క ఉండాల్సిన చోట ఏముంది? నల్లటి గొయ్యి లేదు, మసక లేదు. తెల్ల కాగితమే ఉంది, లేదా ఉన్నట్టుంది. ఇప్పుడు చుక్క మీదుగా స్కేలుతో నిలువుగా ఒక గీత గీసి మళ్లీ చేయండి. చుక్క పోతుంది, గీత మాత్రం తెగకుండా సాగినట్టు కనిపిస్తుంది. పసుపు కాగితం మీద చేస్తే ఆ చోటు పసుపుగా ఉంటుంది. పాఠం చదవడం ఇక్కడ ఆపి, దయచేసి ఇది నిజంగా చేయండి. మిగతా పాఠమంతా మీ కంటి ముందు జరిగిన దాని గురించే.

దీని కారణం తెలిసినదే. కంటి లోపల కాంతిని పట్టే పొర అయిన రెటీనా నుంచి బయలుదేరే నాడీ తంతువులన్నీ ఒకచోట కట్టగా చేరి కంటి గుడ్డు నుంచి మెదడు వైపు బయటికి వెళతాయి. ఆ ద్వారం దగ్గర కాంతిని పట్టే కణాలు ఉండవు. దాన్నే అంధ బిందువు అంటారు. ఫ్రెంచి శాస్త్రవేత్త ఎడ్మ్ మారియట్ 1660లలోనే దీన్ని బయటపెట్టారు. రెండు కళ్లూ తెరిచి ఉంటే ఒక కంటికి అందని చోటు రెండో కంటికి అందుతుంది కాబట్టి రోజువారీ జీవితంలో దీని ఊసే మనకు తెలియదు.

ఇక మెట్లు ఎక్కుదాం. చుక్క బింబం ఆ ద్వారం మీద పడినప్పుడల్లా చుక్క కనబడటం లేదు: మొదటి మెట్టు. కాగితాన్ని ముందుకు వెనక్కు జరిపి మీరే దాన్ని రప్పించారు, పంపించారు. పైగా అక్కడ గ్రాహక కణాలు లేవన్న సంగతి తెలుసు: రెండో మెట్టు. చుక్క ఎందుకు పోయింది అన్న ప్రశ్నకు ఇంతకంటే ఏమీ అక్కర్లేదు. ఆ ప్రశ్న ముగిసింది.

కానీ మీరు చూసినది చుక్క లేకపోవడం ఒక్కటే కాదు. అక్కడ తెలుపు ఉంది. ఆ తెలుపు ఎక్కడిది? ఈ ప్రశ్న మీద 1990ల మొదట్లో గట్టి వాదమే నడిచింది. డేనియల్ డెన్నెట్ అనే తత్త్వవేత్త, మెదడు అక్కడ ఏ రంగూ పూయడం లేదన్నారు. ఆ చోటు గురించి సమాచారం లేదు, లేదన్న సంగతిని గమనించే ఏర్పాటూ లేదు, అందువల్ల ఖాళీ తెలియడం లేదు, పూయాల్సిన అవసరమే లేదు అన్నది ఆయన మాట. చెన్నైలో వైద్యం చదివిన విలయనూర్ రామచంద్రన్, బ్రిటన్‌కు చెందిన రిచర్డ్ గ్రెగరీ దీనికి ఎదురు నిలిచారు. 1991లో వారు ప్రచురించిన ప్రయోగంలో, తెర నిండా మినుకుమినుకుమనే చుక్కలు, ఒక పక్కన చిన్న బూడిదరంగు చతురస్రం ఉంటాయి. మధ్య బిందువునే కాసేపు చూస్తూ ఉంటే చతురస్రం మాయమై అక్కడా మినుకులు కనిపిస్తాయి. అప్పుడు తెరంతా బూడిదరంగుగా మార్చేస్తే, చతురస్రం ఉన్న చోట మాత్రం కొన్ని క్షణాలపాటు మినుకులు కనిపిస్తూనే ఉంటాయి. ఏదీ పూయకపోతే తర్వాత మిగిలినది ఏమిటి?

నా దృష్టిలో ఆ మిగిలిన మినుకులు రామచంద్రన్, గ్రెగరీల వైపే మొగ్గు చూపుతాయి, కనీసం ఆ ప్రయోగం వరకు. అయితే వారు పూర్తిగా గెలిచారనుకున్నా, గెలిచింది ఏ మెట్టు మీద? సమాచారం లేని చోటును మెదడు ఎలా సంబాళిస్తుంది అన్న రెండో మెట్టు మీద. ఆ సంబాళింపు మీకు తెల్లగా ఎందుకు అనిపించాలి అన్నది వాళ్లు తాకనే లేదు. తాకామనీ అనలేదు. మంచి శాస్త్రవేత్తల లక్షణం అది, వాళ్ల మాటను మెట్టు దాటించి చెప్పేది తరచూ మనమే.

ఒక రోగి, రెండు తొందరపాటు తీర్పులు

లండన్‌లో ఒక వ్యక్తికి 1973లో మెదడు శస్త్రచికిత్స జరిగింది. పుట్టుకతో వచ్చిన రక్తనాళాల ముడిని తీసేటప్పుడు, వెనుక భాగంలో కుడివైపు ఉన్న దృశ్య ప్రాంతంలో ఎక్కువ భాగం తీసేయాల్సి వచ్చింది. వైద్య గ్రంథాలు ఆయన్ను డీబీ అన్న పొడి అక్షరాలతో పిలుస్తాయి. ఆ తర్వాత ఎడమవైపు దృశ్యం ఆయనకు కనిపించేది కాదు. మనస్తత్వ శాస్త్రవేత్త లారెన్స్ వైస్క్రాంట్జ్ బృందం ఆ కనిపించని వైపు వెలుగు చూపించి, ఎక్కడుందో వేలితో చూపమంది. తనకేమీ కనిపించడం లేదు కదా అన్నారాయన. ఊహించి చూపండన్నారు. వేలు చాలావరకు సరైన చోటికే వెళ్లింది. గీత నిలువుగా ఉందా, అడ్డంగా ఉందా అన్నదీ యాదృచ్ఛికంగా వచ్చేదానికి మించి సరిగ్గా చెప్పారు. ఫలితాలు చెబితే ఆయనే ఆశ్చర్యపోయారు, తాను ఊరికే ఊహించానన్నారు. 1974లో ఈ సంగతి ప్రచురితమైంది.

దీని మీద రెండు వైపుల నుంచీ తొందర తీర్పులు వస్తుంటాయి. 'చూశారా, చూపు పని జరుగుతోంది, అనుభవం లేదు, అంటే అనుభవం మెదడుకు చెందినది కాదు' అని ఒకటి. 'చూశారా, ఆ భాగం తీసేస్తే అనుభవం పోయింది, అంటే అనుభవం ఆ భాగమే' అని మరొకటి. రెండింటినీ విప్పండి.

మొదటిదానిలో ఆధారం చూపేది, పనికీ అనుభవానికీ పొత్తు విడిపోగలదని. ఆ పని చేసినదీ మెదడే, మిగిలిన వేరే దారుల గుండా. అనుభవం పోయింది కూడా మెదడులో ఒక భాగం పోవడం వల్లే. అలాంటప్పుడు అనుభవం మెదడుకు చెందదని ఎలా తేలుతుంది? రెండోదానిలో ఆధారం రెండో మెట్టు దగ్గర ఆగింది: ఆ భాగం లేకపోవడం వల్ల ఆ అనుభవం లేకపోయింది. 'అంటే అదే ఇది' అన్న మాట మూడో మెట్టు మీదికి వేసిన గంతు. ఇంకొక దాగిన వాక్యం కూడా ఉంది, రెండు తీర్పుల్లోనూ: 'కనిపించడం లేదు' అని నోటితో చెబితే అనుభవం బొత్తిగా లేనట్టే. బలహీనమైన అనుభవమేదో ఉండి మాటకు అందలేదేమో అని సందేహించిన పరిశోధకులు ఉన్నారు. మాటను అనుభవానికి కొలమానంగా వాడటం తప్పదు, కానీ వాడుతున్నామని తెలిసి వాడాలి.

దీపం వాదన

ఈ మెట్ల తగాదా మన దర్శనాల్లో ఎప్పుడో వచ్చింది. పులియబెట్టే దినుసుల్లో విడివిడిగా లేని మత్తు వాటి కలయికలో పుట్టినట్టే, భూమి, నీరు, నిప్పు, గాలి దేహంగా కూడినప్పుడు చైతన్యం పుడుతుందని చార్వాకులు వాదించినట్టు 14వ శతాబ్దపు సర్వదర్శనసంగ్రహం చెబుతుంది. వాళ్ల బలం అన్వయ వ్యతిరేకాలు: దేహం ఉంటే చైతన్యం ఉంది, దేహం లేకపోతే లేదు. కాబట్టి అది దేహ ధర్మం.

శంకరాచార్యులు బ్రహ్మసూత్ర భాష్యం మూడో అధ్యాయం మూడో పాదంలో దీనికి ఇచ్చిన జవాబుల్లో ఒకటి ఇప్పటికీ పదునుగా ఉంటుంది. చీకట్లో దీపం ఉంటే కనిపిస్తుంది, లేకపోతే కనిపించదు. అంతమాత్రాన చూడటం దీపం ధర్మం కాదు కదా? దీపం ఉపకరణం మాత్రమే. దేహం కూడా అలాంటి ఉపకరణమే కావచ్చు.

ఏ మెట్టు మీద పనిచేస్తోందీ వాదన? కలిసి ఉండటం నుంచి, కలిసి పోవడం నుంచి, 'అది దీని ధర్మమే' అన్న నిర్ణయానికి దారి లేదంటోంది. తర్కం దృష్ట్యా అది పూర్తిగా నిలబడుతుంది. ఇది చదివి 'ఆత్మ వేరని రుజువైంది' అని సంతోషపడేవారు మాత్రం ఒక మెట్టు జారుతున్నారు. అవతలివాడి నిర్ణయం తేలలేదని చూపడం వేరు, అది తప్పని చూపడం వేరు. దీపం మొదటిదాన్నే చేస్తుంది. రెండోదానికి శంకరులు వేరే వాదనలు తెచ్చుకున్నారు, వాటిని విడిగా తూచాలి.

దీపం వాదన మీద ఒత్తిడి పెట్టే ఆధారం ఒకటి చెబుతాను. మెదడు వెనుక భాగంలో రెండువైపులా దెబ్బతిన్న ఒక జర్మన్ మహిళ గురించి జోసెఫ్ జీల్ బృందం 1983లో రాసింది. ఆమెకు రంగులు కనిపించేవి, ఆకారాలు కనిపించేవి. కదలిక ఒక్కటే కనిపించేది కాదు. కప్పులో టీ పోస్తుంటే ధార గడ్డకట్టిన మంచులా నిలిచిపోయి కనిపించేది. కప్పు నిండుతున్న సంగతి తెలియక ఎప్పుడు ఆపాలో ఆమెకు అర్థమయ్యేది కాదు. వీధి దాటబోతే దూరంగా ఉన్న కారు, ఉన్నట్టుండి చాలా దగ్గర ఉండేది.

మెదడు దీపమే అయితే, అది మసకబారినప్పుడు చూపంతా మసకబారాలని మామూలుగా అనుకుంటాం. ఇక్కడ అనుభవంలోంచి ఒక్క పొర మాత్రమే తీసేసినట్టయింది. మెదడు ఒక దీపం కాదు, ఎన్నో దీపాలు, అందులో కదలికను చూపే దీపం ఆరిందని జవాబు చెప్పవచ్చు. తర్కానికి లోటు రాదు. కానీ అలా ఒక్కొక్క పొరకూ ఒక్కొక్క దీపం పెడుతూ పోతే, దీపాల వెలుగులో చూసేవాడు చేసే పని ఏం మిగిలిందన్న ప్రశ్న పెద్దదవుతుంది. ఇది రుజువు కాదు, మొగ్గు. మెదడు వైపు నా సొంత మొగ్గుకు ఇలాంటి రోగుల వృత్తాంతాలే కారణం. మీ మొగ్గు వేరుగా ఉంటే, ఏ ఆధారం మీద అలా ఉందో ఒక వాక్యంలో రాసి పెట్టుకోండి, తర్వాతి పాఠాల్లో పనికొస్తుంది.

పందెం ఎవరు గెలిచారు?

ఆస్ట్రేలియా తత్త్వవేత్త డేవిడ్ చామర్స్ 1994లో అరిజోనా రాష్ట్రంలోని టూసాన్‌లో జరిగిన సదస్సులో ప్రశ్నలను రెండు కుప్పలుగా పోశారు. వస్తువులను వేరుచేసి గుర్తించడం, ధ్యాస పెట్టడం, నిద్ర మెలకువలు, తన స్థితిని మాటల్లో చెప్పడం, ఇవి ఎలా జరుగుతాయన్నవి ఒక కుప్ప. దానికి 'తేలిక సమస్యలు' అని పేరు పెట్టారు, వందేళ్లు పట్టినా దారి తెలిసినవి అన్న భావంతో. ఇవన్నీ జరుగుతున్నప్పుడు అనుభవమంటూ ఎందుకు ఉంది అన్నది రెండో కుప్ప. అదే 'కఠిన సమస్య'. మన లెక్కలో అది నాలుగో మెట్టు.

1998లో జర్మనీలోని బ్రెమెన్‌లో, ఫ్రాన్సిస్ క్రిక్‌తో కలిసి చైతన్యం మీద పరిశోధించిన నాడీశాస్త్రవేత్త క్రిస్టఫ్ కోక్, చామర్స్‌తో పందెం కట్టారు. అనుభవానికి తోడుగా మెదడులో జరిగే ప్రత్యేక క్రియ ఏదో 25 ఏళ్లలో స్పష్టంగా దొరుకుతుందన్నది కోక్ మాట. పందెం ఒక పెట్టె ద్రాక్షసారాయి. 2023 జూన్‌లో న్యూయార్క్‌లో కోక్ ఓటమి ఒప్పుకుని సీసాలు అందజేశారు. అప్పటికే రెండు ప్రధాన సిద్ధాంతాలను, వాటి సమర్థకులు ముందే ఒప్పుకున్న నియమాలతో, పోటాపోటీగా పరీక్షించారు. ఫలితాలు దేన్నీ పూర్తిగా సమర్థించలేదు.

ఇప్పుడు మెట్లు చూడండి. పందెం దేని మీద? 'అనుభవానికి తోడుగా జరిగే క్రియ' మీద. అంటే మొదటి మెట్టు, మహా అయితే రెండోది. చామర్స్ గెలిచారు కాబట్టి కఠిన సమస్యకు పరిష్కారం లేదని తేలిందా? లేదు, ఆ క్రియ 25 ఏళ్లలో దొరకలేదని మాత్రమే తేలింది. కోక్ గెలిచి ఉంటే కఠిన సమస్య తీరిపోయేదా? అదీ లేదు. చామర్స్ సంతోషంగా సీసాలు ఇచ్చేసి, సరే, ఆ క్రియకు అనుభవం ఎందుకు తోడుంది అని మళ్లీ అడిగేవారు. తత్త్వశాస్త్రం శాస్త్రాన్ని ఓడించిందన్న అర్థంలో ఈ పందెం గురించి ఎవరైనా చెబితే, ఆ మాట ఎక్కడ జారిందో మీరు ఇప్పుడు వేలుపెట్టి చూపగలరు.

అయితే నాలుగో మెట్టు గురించి ఎంత చెప్పినా, కింది మెట్లను చులకన చేయకండి. మత్తుమందు మోతాదు ఎంతో, శస్త్రచికిత్స మధ్యలో రోగికి తెలివి వస్తోందో లేదో తెలుసుకోవడానికి మొదటి రెండు మెట్లే ఆధారం. మనుషుల బాధ తగ్గేది అక్కడే.

ఈ వారం చేయాల్సిన పని

మొదటిది. రోడ్డు ప్రమాదం తర్వాత కళ్లు తెరిచి ఉన్నా బయటి ప్రపంచానికి ఏ స్పందనా లేని స్థితిలో ఉన్న 23 ఏళ్ల యువతిని నాడీశాస్త్రవేత్త ఆడ్రియన్ ఓవెన్ బృందం స్కానర్‌లో పరీక్షించి, 2006లో ఫలితాలు ప్రచురించింది. టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకోమన్నప్పుడు, తన ఇంట్లో గదులన్నీ తిరుగుతున్నట్టు ఊహించుకోమన్నప్పుడు, ఆరోగ్యవంతుల మెదడులో చురుకయ్యే ప్రాంతాలే ఆమె మెదడులోనూ చురుకయ్యాయి. ఆమెకు స్పృహ ఉందని బృందం నిర్ణయించింది. ఆధారానికీ నిర్ణయానికీ మధ్య ఏ వాక్యం ఉందో రాయండి. ఒక సూచన: 'టెన్నిస్' అన్న మాట చెవిన పడటంతోనే ఆ ప్రాంతం తనంతట తాను చురుకైందేమో అని కొందరు ఆక్షేపించారు. చురుకుదనం ఒక్క క్షణం కాకుండా, ఆపమనేదాకా అర నిమిషంపాటు సాగిందని బృందం జవాబిచ్చింది. ఆ జవాబు మీరు రాసిన వాక్యాన్ని ఎంత బలపరుస్తుందో కూడా చూడండి.

రెండోది. మెదడు గురించి ఈ వారం మీ కంటపడే ఏదైనా ఒక వార్త తీసుకోండి. శీర్షిక ఏ మెట్టు మీద ఉంది, లోపల రాసిన ప్రయోగం ఏ మెట్టు మీద ఉంది, రెండు అంకెలు పక్కపక్కన వేయండి చాలు.

మూడోది వచ్చే పాఠానికి సన్నాహం. పుట్టినప్పటి నుంచి నలుపు తెలుపుల గదిలోనే పెరిగిన మేరీ అనే శాస్త్రవేత్తను ఊహించమని తత్త్వవేత్త ఫ్రాంక్ జాక్సన్ 1982లో అడిగారు. రంగుల చూపు గురించి భౌతికశాస్త్రం, నాడీశాస్త్రం చెప్పగలిగినదంతా ఆమెకు తెలుసు. ఒకరోజు బయటికి వచ్చి మొదటిసారి ఎర్రటి రంగు చూస్తుంది. కొత్తగా ఏమైనా తెలుసుకుందా? తెలుసుకుందన్నారు జాక్సన్, కాబట్టి భౌతిక విషయాలతో అంతా అయిపోలేదన్నారు. ఆ నిర్ణయాన్ని తర్వాత ఆయనే వదులుకున్నారు. వాదనను నాలుగైదు వాక్యాలుగా విడగొట్టి, ఆయన ఏ వాక్యాన్ని వదులుకుని ఉంటారో, మీరైతే దేన్ని వదులుకుంటారో రాసి ఉంచండి.